పొడి బూడిద

మా మామయ్య ఒంటి మీద బూడిద లేకుండా నేను చూసింది నా పెళ్లి రోజున ఒక్కసారే. ఆ రోజు కూడా చెవి వెనకాల కాస్త మిగిలిపోయిందని మా ఆయన ఒట్టేసి మరీ చెబుతాడు. ఊరి చివర తలుపులు తయారుచేసే మిల్లులో మామయ్య బాయిలర్ మేస్త్రి. పచ్చి చెక్కను ఆరబెట్టే గదులకు ఆవిరి కావాలి. ఆవిరి కోసం చెక్కముక్కలూ రంపపు పొట్టూ పొయ్యిలో వేసి మండించడం, కాలిపోయాక బూడిద లాగి మిల్లు వెనకాల పారబోయడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. మిల్లులో అందరూ ఆయన్ని బూడిద మేస్త్రి అనేవాళ్లు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయన పలికేవారు కూడా.

నేను కాపురానికి వచ్చిన వారానికే ఒక రూలు పెట్టాను. వాకిట్లో పంపు దగ్గర మొహం, కాళ్లూ చేతులూ కడుక్కుని, చొక్కా మార్చుకుంటే తప్ప గడప దాటకూడదు. తుడిచిన నేల మీద బూడిద అడుగులు పడితే నాకు ఒళ్లు మండేది. కొత్త కోడలికి ఇంత నోరేమిటని ఇంకొకరైతే ఇల్లు పీకి పందిరేసేవాళ్లు. మామయ్య మాత్రం "న్యాయమే కదమ్మాయ్" అన్నారు. తొమ్మిదేళ్లు ఆ రూలు తప్పలేదు. నేను చెప్పబోయేది ఆ తొమ్మిదో ఏటి గడ్డికోతల సంగతి.

మాకు ఆరు ఆవులు. ఇల్లు నడిచేది వాటి పాల మీదే. వాటి మేత మాత్రం మాది కాదు, టీచరమ్మగారిది. ఆవిడ ఇంటి వెనక వాలుగా దిగే మూడెకరాల చేను మేం కౌలుకు చేసేవాళ్లం. అందులో మామూలు గడ్డీ, మూడేసి ఆకుల లూసర్న్ గడ్డీ కలిసి పెరిగేవి. టీచరమ్మగారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రిటైరయింది ఉద్యోగం నుంచే గానీ లెక్కల నుంచి కాదు.

ఆ ఏడు మొదటి కోత మూడు ట్రాలీలకు మించలేదు. మూడో ట్రాలీకి తాళ్లు బిగిస్తుంటే టీచరమ్మగారు గట్టు మీదికి వచ్చి నిలబడ్డారు.

"ముందటేడు ఆరు. పోయినేడు ఐదు. ఇప్పుడు మూడు," అన్నారు. "ఇలా తగ్గుకుంటూ పోతే ఎప్పటికి సున్నా అవుతుందో నాకు తెలుసు, నీకూ తెలుసు. లారీల వాళ్లు యార్డు కోసం ఈ చేను అడుగుతున్నారు."

"ఇంకా రెండు కోతలున్నాయి కదండీ టీచరుగారూ."

"ఉన్నాయి. చివరి కోత ఐదు ట్రాలీలు దాటితే చేను మీ దగ్గరే ఉంటుంది. దాటకపోతే వాళ్లకిస్తాను. నేను మాట మార్చను, మీరూ బతిమాలొద్దు."

ఆవిడ దగ్గర బతిమాలడం పరీక్ష పేపర్ను బతిమాలడం లాంటిదే. ఇంటికొచ్చి చెప్పాను. చుట్టుపక్కల ఇంకెక్కడా చేను దొరకదని మా ఆయన అప్పటికే వాకబు చేసి ఉన్నాడు.

"అయితే ఆరింట్లో నాలుగు అమ్మాలి," అన్నాడు. "నల్లదానికి ఎలాగూ వయసైంది."

"నల్లదాన్ని అమ్మే మాట నా ఎదట ఎత్తకండి," అన్నాను. ఆ ఇంట్లో నేను మొదటిసారి పాలు పితికింది దాని దగ్గరే. కొత్తదాన్నని తన్నకుండా నిలబడింది. ఆ కృతజ్ఞత నాకింకా ఉంది.

మర్నాడే మట్టి పరీక్షల ఆఫీసుకు పోయి, అక్కడ పనిచేసే అమ్మాయిని పట్టుకొచ్చాను. పాతికేళ్లు కూడా నిండని పిల్ల, భుజాన సంచీ, చేతిలో నేల తొలిచే గొట్టం. మట్టి డాక్టరమ్మ అని పేరు పెట్టాం. ఆ పిల్ల మట్టి కంటే ముందు ఆకు చూసింది. లూసర్న్ ఆకు అంచుల వెంట తెల్లటి చుక్కలు, ఎవరో ఉప్పు చల్లినట్టు.

"పురుగు కాదా?" అని మా ఆయన అడిగాడు. అప్పటికే మందు కొట్టి ఉన్నాడు.

"పురుగు కాదన్నా, ఆకలి. పొటాష్ చాలక ఇలా అవుతుంది. మీ ఆవుల పేడ ఎక్కడేస్తారు?"

"ఇంటి పక్క కూరగాయల మడుల్లో."

"మరి ఈ చేనుకి?"

చేను ఇంటికి దూరం. పేడ అంతదూరం ఎవరు మోస్తారని ఏనాడూ వేయలేదు.

"ఏడాదికి మూడుసార్లు గడ్డితో పాటు పొటాష్ మీ ట్రాలీ ఎక్కి వెళ్లిపోతోంది," అంది ఆ పిల్ల. "తిరిగి రావడం లేదు. నేల మాత్రం ఎన్నాళ్లు పెడుతుంది?"

పొటాష్ బస్తా కోసం మా ఆయన మూడు ఊళ్ల కొట్లు తిరిగాడు. ఆ సీజన్లో బస్తా కంటికి కనిపించలేదు. లోడు రాలేదన్న మాట ప్రతిచోటా ఒకేలా చెప్పారు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర మేం ఇదంతా చెప్పుకుంటుంటే, ఎప్పుడూ కంచంలోంచి తల ఎత్తని మామయ్య తల ఎత్తారు.

"చెట్టు కూడా పొటాష్ తినే పెరుగుతుంది కదరా? కాల్చాక అది ఎటు పోతుంది?"

"ఎటు పోతుంది నాన్నా?"

"పొగలో పోయేది కొంచెమే అయితే, మిగతాది నేను ముప్పై ఏళ్లుగా పారబోస్తున్నాను."

మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాననే చెప్పాలి, దాచుకోవడం దేనికి. మామయ్య మర్నాడు టిఫిను డబ్బా నిండా బూడిద తెచ్చి, దాన్ని మట్టి డాక్టరమ్మకు ఇచ్చి రమ్మన్నారు.

పది రోజులకు ఆ పిల్ల తనే మిల్లుకు వచ్చింది. నేనూ వెళ్లాను. బాయిలర్ గది అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. ఇనుప తలుపు, గోడకు వరసగా పారలు, పొడుగాటి బూడిద లాగే కర్ర, మూలన ఒక స్టూలు. నేల అద్దంలా ఉంది. నా వంటిల్లు కూడా అంత శుభ్రంగా ఉండదు.

"మేస్త్రిగారూ, ఏం కాలుస్తారు మీరు?" అని అడిగింది మట్టి డాక్టరమ్మ.

"చెక్క."

"ఇలాంటి మిల్లుల బూడిద చాలా చూశాను. రంగు చెక్కా జిగురు చెక్కా కలిపి కాలుస్తారు. సీసంతో సహా నానా విషాలూ ఉంటాయి. అది పొలంలో వేయొద్దని చెప్పేసి వస్తుంటాను. మీ దాంట్లో అలాంటివేమీ లేవు. నమ్మలేక రెండోసారి పరీక్ష చేశాను."

మామయ్య కిటికీ లోంచి వేలు చూపించారు. మిల్లు వెనక గోడకు ఆనించి మనిషెత్తున పాత తలుపులు, నీలం, ఎరుపు, పెచ్చులూడిన ఆకుపచ్చ. కొత్త తలుపు కొన్నవాళ్లు వదిలేసిపోయినవి.

"రంగేసింది నా పొయ్యిలోకి రాదు," అన్నారు. "ఆ పొగ మంచిది కాదు. ముగ్గురు మేనేజర్లు మారారు, ముగ్గురూ కాల్చెయ్యమన్నారు. చాదస్తం అన్నారు. అననీ."

ఆయన ఆ మాట చెప్పిన తీరులో గొప్పేమీ లేదు. గొప్పంతా నాకు అనిపించింది. ఇంట్లో చొక్కా మార్చుకోమని గద్దించే మనిషిని నేను, ఇక్కడ ముగ్గురు మేనేజర్లను ఎదిరించి నిలబడ్డ మనిషి ఆయన.

"పొటాష్ బాగా ఉంది, సున్నం కూడా ఉంది. లూసర్న్‌కి రెండూ ఇష్టమే," అంది మట్టి డాక్టరమ్మ. తర్వాత నా వైపు తిరిగి వేళ్లు మడుస్తూ చెప్పింది. "ఎకరానికి ఇరవై బస్తాలు, అంతకు మించొద్దు. యూరియాతో కలపొద్దు, పేడతోనూ కలపొద్దు. కోత అయిన వెంటనే, గాలి లేనప్పుడు చల్లాలి. అన్నిటికంటే ముఖ్యం, పొడిగా ఉంచాలి అక్కా."

"అలాగే," అన్నాను. నాకు చెప్పాలా అనుకున్నాను కూడా.

మొదటి కోత అయి అప్పటికే రోజులు గడిచాయి. ఆలస్యమైనా ఫరవాలేదు, పదును ఉంది, వెయ్యొచ్చు అంది ఆ పిల్ల. నేనే ట్రాక్టరు తీసుకుపోయి మిల్లు వెనక గుట్టలోంచి రెండు ట్రాలీలు నింపుకొచ్చాను. చేను ఎగువన, టీచరమ్మగారి కంచె పక్కన కుమ్మరించాను. అదే రోజు ట్రాక్టరు మొండికేసింది. బాగుచేసేసరికి వారం దాటింది. ఈలోగా గాలి లేచి, ఆవిడ ఆరేసుకున్న తెల్ల దుప్పట్లన్నీ బూడిదరంగుకు తిరిగాయి.

"నాకు ఈ రంగు నచ్చదు," అని ఒక్క మాట అన్నారు ఆవిడ. ఆ ఒక్క మాటకే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తుకెళ్లి నీళ్ల గొట్టం పెట్టి కుప్పను నిండా తడిపాను. దుమ్ము అణిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ వారంలో రెండు పెద్ద వానలు కూడా పడ్డాయి, టార్పాలిన్ కప్పాలన్న ఆలోచనే రాలేదు. పొడిగా ఉంచమన్నది గడ్డకట్టకుండా ఉండడానికే అనుకున్నాను. గడ్డలు పారతో చితక్కొడితే సరిపోతుంది కదా! అలాగే చితక్కొట్టి, ఎగువ సగం చేనుకు దగ్గరుండి చల్లించాను. కింది సగానికి చాలలేదు.

పన్నెండు రోజులు రోజూ పోయి చూశాను. ఆకు మీద ఉప్పు అలాగే ఉంది. ఎగువ సగానికీ కింది సగానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

"చెప్పానా," అన్నాడు మా ఆయన. "బూడిద బూడిదే."

అది ఆయన నన్ను అన్నాడో, తన తండ్రి ముప్పై ఏళ్ల పనిని అన్నాడో గానీ, పక్కనే నిలబడ్డ మామయ్య చెవిన పడనే పడింది. ఆయన వాలు వెంట కిందికి నడిచారు. చాలాసేపటికి తిరిగొచ్చారు. చేతిలో లూసర్న్ కట్ట. మోకాలెత్తు, ముదురు పచ్చ, ఒక్క ఆకు మీదైనా ఒక్క చుక్క లేదు.

"ఎక్కడిది మామయ్యా? ఎవరి చేలోంచి పీకారు?"

"మనదే. రా అమ్మాయ్, చూద్దువు గాని."

కుప్ప పోసిన చోటుకి దిగువన మూరెడు మేర గడ్డి మాడిపోయి ఉంది. ఆ మాడిన చోటు దాటాక మొదలైంది పచ్చటి పట్టీ. బారెడు వెడల్పున, వాన నీళ్లు ఎటు పారాయో అటే వంకర తిరుగుతూ, మేం చిటికెడు బూడిద కూడా చల్లని కింది సగంలోకి దిగిపోయింది. రోజూ ఎగువనే తిరిగే నా కంట అది పడలేదు.

మామయ్య ఆ పట్టీ పక్కన గొంతుక్కూచున్నారు. "టీ కాచాం," అన్నారు నెమ్మదిగా. "డికాషనంతా ఇక్కడ ఒంపేసి, పిప్పి తీసుకెళ్లి పైన చల్లాం."

నేనూ పక్కన కూచుని ఆకులు తిప్పి చూశాను. మట్టి డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "పొటాష్ నీళ్లలో కరిగిపోతుంది అక్కా, పొడిగా ఉంచమని అందుకే కదా చెప్పింది!" అని లబలబలాడింది. ఆ గుట్ట మిల్లు వెనక కూడా వానల్లో తడుస్తూనే ఉండేదని అప్పుడు తట్టింది. మిగిలిన కాస్తనూ నేను గొట్టం పెట్టి కడిగేశాను.

"తప్పు నాదే మామయ్యా. ఆ పిల్ల చెప్పింది, నేనే వినిపించుకోలేదు."

"ముప్పై ఏళ్లుగా ఆ గుట్ట మీద వాన పడుతుంటే చూస్తూ నిలబడ్డవాణ్ణి నేను. నాకే తట్టలేదు, నీకేం తడుతుంది? లే. ఇప్పుడు తెలిసింది కదా, బూడిద పనిచేస్తుందని!"

వెనక నించి మా ఆయన గొంతు వినిపించింది. "మన పంపు దగ్గర గడ్డి అంత పొగరుగా పెరిగేది అందుకేనన్నమాట!" వాళ్ల నాన్నకు క్షమాపణ చెప్పడం ఆయనకు రాదు. అదే ఆయన క్షమాపణ.

రెండో కోత మూడున్నర ట్రాలీలు వచ్చింది, ఆ అర ట్రాలీ పచ్చ పట్టీ పుణ్యమే. ఈలోగా మామయ్య గుట్ట జోలికి పోకుండా, పొయ్యిలోంచి లాగిన బూడిదను లాగినట్టే ఇనుప డ్రమ్ముల్లో పోసి మూతలు బిగించారు. రెండు రోజులు ముట్టుకోనిచ్చేవారు కాదు. "పైన చల్లగా ఉంటుంది, అడుగున నిప్పు పడుకుని ఉంటుంది," అనేవారు. చల్లారాక జల్లించి, మేకులు ఏరి, బస్తాల్లో నింపి, షెడ్డులో చెక్క పలకల మీద పేర్చారు. అరవై బస్తాలు. ఒక్కోదాని మూతి ఆయనే కుట్టారు. మేనేజరు వచ్చి "ఏంటి మేస్త్రీ, బూడిదకి కూడా ఇంత ముస్తాబా?" అంటే, "దీనికే కావాలండీ" అన్నారట.

రెండో కోత అయిన మర్నాడు ఆయన మిల్లుకు సెలవు పెట్టారు. ఆరోగ్యం బాగాలేకపోయినా పెట్టని మనిషి. తెల్లవారగానే, ఆకు కదలని వేళ, మొహాలకు గుడ్డలు చుట్టుకుని ముగ్గురం చేలో దిగబోతుంటే టీచరమ్మగారు గట్టు మీద ప్రత్యక్షమయ్యారు. చేతిలో కొలబద్ద.

"మధ్యలో ఒక పట్టీ వదిలెయ్యండి. పది అడుగుల వెడల్పు, పై నుంచి కింది దాకా."

"అదేంటండీ! అసలే ప్రతి పరకా లెక్కకొస్తుంది," అన్నాను.

"లెక్క కోసమే చెబుతున్నాను. అంతటా వేసేస్తే, గడ్డి పెరిగింది బూడిద వల్లో వాన వల్లో నాకెలా తెలుస్తుంది?"

నేను నోరు తెరిచేలోగా మామయ్య, "వదిలేస్తాం టీచరుగారూ. మీరే గీత గీయండి," అన్నారు. ఆవిడ చేనంతా కలయజూసి, నేల బాగున్న చోటే ఎంచి మరీ మేకులు పాతించారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం డబ్బా నింపుకుని, అడుగుకొక చెయ్యి చొప్పున, తూకం వేసినట్టు చల్లుకుంటూ పోయారు. ఆ చెయ్యి పార పట్టిన చెయ్యి, ఎక్కువా పడదు, తక్కువా పడదు. నేను చల్లింది అక్కడక్కడా ముద్దగా పడుతుంటే వెనక్కొచ్చి కాలితో సర్దేవారు.

చివరి బస్తా ఖాళీ అయిన గంటకే మబ్బు పట్టింది. చినుకు పడగానే నేను టార్పాలిన్ కోసం పరిగెత్తాను. మామయ్య పడీపడీ నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

"కురవనీ అమ్మాయ్! ఇప్పుడు డికాషను తాగేవాళ్ల నోట్లోనే పడుతోంది."

ఆ తర్వాతి నెల నేను చెప్పాల్సిన పని లేదు, చేనే చెప్పింది. రెండో వారానికి కొత్త ఆకు అంచుల్లో ఉప్పు మాయమైంది. మూడో వారానికి ఎక్కడో దాక్కున్న లూసర్న్ పిలకలన్నీ పైకొచ్చి మామూలు గడ్డితో పోటీకి దిగాయి. వదిలేసిన పట్టీ మాత్రం రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లకు కూడా కనిపించేది, దువ్విన తలలో పాపిడిలా. మంచి నేలని ఎంచి మరీ వదిలించిన పట్టీ అది! నాకు అప్పుడు ఏడుపొచ్చినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

చివరి కోతనాడు టీచరమ్మగారు కుర్చీ తెచ్చుకుని గట్టు మీద కూచున్నారు. ఒకటి. రెండు. మూడు. నాలుగో ట్రాలీ కట్టేసరికి ఇంకా చేను మూడోవంతు నిలబడే ఉంది. ఐదోది నిండింది. ఆరోది కూడా నిండి, తాడు చాలక మా ఆయన నడుముకున్న బెల్టు విప్పి బిగించాడు. ఒక చేత్తో లాగు పట్టుకుని నిలబడ్డ ఆయన్ని చూసి నేను నవ్వలేదు, వేళ్ల మీద ట్రాలీలు ఇంకోసారి లెక్కపెట్టుకుంటున్నాను.

అప్పుడే మామయ్య మిల్లు నించి డ్యూటీ దిగి, బూడిద చొక్కాతోనే తిన్నగా చేలోకి వచ్చారు. ఎన్ని అని అడగలేదు. ట్రాలీ వైపు ఒకసారి, టీచరమ్మగారి వైపు ఒకసారి చూశారు.

ఆవిడ కుర్చీలోంచి లేచి పాపిడి పట్టీ దాకా నడిచారు. కొలబద్ద పెట్టి అటు ఒకసారి, ఇటు ఒకసారి కొలిచారు.

"మేస్త్రిగారూ," అన్నారు. బూడిద అని ముందు తగిలించకుండా ఆయన్ని ఎవరైనా పిలవడం నేను విన్నది చాలా తక్కువ. "ఈ పట్టీకి కూడా వేసెయ్యండి. వచ్చే ఏడు నాకు ఈ గీత కనబడకూడదు."

వచ్చే ఏడు అన్నారు. మా ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు, లాగు సంగతి మరిచిపోయి.

"ఇప్పుడే వేస్తాను," అన్నారు మామయ్య. పట్టీ మధ్యలోకి నడిచి, ఒంటి మీది చొక్కా విప్పి, రెండు చేతులా పట్టుకుని దులిపారు. ఒక దులుపు, ఇంకో దులుపు. తెల్లటి మేఘం లేచింది. ఎదురుగా తెల్ల బట్టల్లో టీచరమ్మగారు. దగ్గారు, కళ్లు నులుముకున్నారు, అడుగు మాత్రం వెనక్కి వేయలేదు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. మామయ్య అలవాటుగా పంపు వైపు తిరిగారు. నేను గుమ్మంలో నిలబడి పిలిచాను.

"మామయ్యా, ఇవాళ అలాగే లోపలికి రండి."

"నేల పాడవుతుందమ్మాయ్. ఇందాకే తుడిచినట్టున్నావు."

"తుడిచాను. అందుకే రమ్మంటున్నాను."

ఆయన జాగ్రత్తగా, అద్దం మీద నడిచినట్టు, గడప దాటి లోపలికొచ్చి కుర్చీలో కూచున్నారు. గుమ్మం నించి కుర్చీ దాకా బూడిద అడుగులు, లెక్కకు తొమ్మిది. ఆ వారమంతా బూడిద బస్తాల సంగతి కనుక్కోవడానికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతివాళ్లకీ "అటు తొక్కకండి, పక్కనించి రండి" అని చెప్పాను. ఆ అడుగులు నేను తుడవలేదు.